వారంలో మిగిలిన 167 గంటలు

చాపాడు నుంచి కడప రిమ్స్‌కు పిల్లవాణ్ని తీసుకుపోవాలంటే రోజంతా దానికే పోతుంది. మైదుకూరు మీదుగా యాభై కిలోమీటర్లకు అటూ ఇటూగా బస్సు, ఓపీ చీటీ దగ్గర వరుస, డాక్టరు గది బయట బెంచీ, మళ్లీ బస్సు. ఆ రోజు కూలి పోయినట్టే. నాట్ల కాలమైతే పక్క పొలం వాళ్లకు ఇచ్చిన మాట కూడా పోతుంది. ఇంతా చేస్తే లోపల గడిపేది అరగంట, తీరిక దొరికిన నాడు ముప్పావు గంట. ఇంజెక్షన్ లేదు, స్కానింగ్ లేదు. పిల్లవాడితో బొమ్మలు గీయించారు, తల్లితో మాట్లాడారు, పదిహేను రోజుల తర్వాత రమ్మన్నారు. ఈ నాలుగు మాటల కోసమా ఇంత దూరం వచ్చింది అని తిరుగు బస్సులో ఏ తల్లికైనా అనిపిస్తుంది. ఆ అనుమానం తీరకపోతే రెండోసారి ప్రయాణం ఉండదు. అది న్యాయమైన ప్రశ్న కాబట్టి ఈ అధ్యాయమంతా దానికి జవాబు వెతకడానికే.

వారానికి 168 గంటలు. థెరపిస్టు దగ్గర గంటసేపు కూర్చున్నాడనుకున్నా, పిల్లవాడు మిగిలిన 167 గంటలు ఇంట్లో, బడిలో, వీధిలో ఉంటాడు. వాడి భయం రాత్రి పడుకునే ముందు వస్తుంది, వాడి కోపం అన్నం దగ్గర వస్తుంది, వాడి కడుపునొప్పి సోమవారం పొద్దున బడి గంట కొట్టే వేళకు వస్తుంది. ఇవేవీ డాక్టరు గదిలో కనపడవు. కేసీ కాలువకు నీళ్లు వదిలారని తెలిసినంత మాత్రాన ఏ రైతూ ఇంట్లో పడుకోడు. మడవ తీసి, తన కయ్యలోకి నీళ్లు పారేదాకా గట్టు మీద ఎవరో ఒకరు పార పట్టుకుని నిలబడాల్సిందే. ఆసుపత్రిలో చేరకుండా, ఓపీకి వచ్చిపోతూ చేయించుకునే పిల్లల మానసిక చికిత్సలో ఆ నిలబడే మనిషి కుటుంబమే. చీటీ మీద పేరు పిల్లవాడిదే అయినా, చికిత్స ఎక్కువ భాగం నడిచేది ఇంట్లో, నడిపేది ఇంటివాళ్లు. ఆసుపత్రికి తోడు వచ్చినవాళ్లుగా కాకుండా ఈ పనిలో భాగస్తులుగా లోపలికి వెళ్లిన కుటుంబానికే ఆ యాభై కిలోమీటర్ల ప్రయాణం గిట్టుబాటు అవుతుంది.

ఇదేదో ఎక్కడో నలుగురికి వచ్చే సమస్య అని కొట్టివేయడానికి లేదు. 2015–16లో బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. ఆ లెక్కన 300 మంది చదివే హైస్కూల్లో ఇరవై మందికి పైనే. పెద్దల్లో కనిపించే మానసిక వ్యాధుల్లో దాదాపు సగం 14 ఏళ్లు నిండేలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా మన ఊళ్లలో వీటికి వ్యాధి పేర్లు ఉండవు. మాట రాని మూడేళ్లవాణ్ని చూసి 'మగపిల్లోళ్లు నిదానంగా మాట్లాడతారులే' అంటారు. కుదురుగా కూర్చోలేని ఎనిమిదేళ్లవాడు అల్లరోడు. అక్షరాలు తారుమారుగా రాసే పిల్ల మొద్దు. ఎవరితోనూ కలవక గదిలో ముడుచుకున్న తొమ్మిదో తరగతి అమ్మాయికి గాలి సోకిందంటారు, లేకుంటే దిష్టి తగిలిందంటారు. వీళ్లలో ఆసుపత్రిలో చేర్చి చూడాల్సినవాళ్లు బహు కొద్దిమంది. మిగిలినవాళ్లకు కావలసింది ఓపీలో క్రమం తప్పని చికిత్స, ఇంట్లో దానికి తగిన మార్పు.

ఇంట్లో మార్పు అంటే ఏమిటో, అది పిల్లవాడి మెదడు మీద ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఈ వాదనకు పునాది అక్కడే ఉంది. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఇళ్లలోకి పరిశీలకులను పంపి, మొండి పిల్లలకూ తల్లిదండ్రులకూ మధ్య నిమిషం నిమిషానికి ఏం జరుగుతోందో నమోదు చేయించాడు. దాని సారాన్ని మన ఇంటి సంగతిగా చెప్పుకుంటే ఇలా ఉంటుంది. పిల్లవాడు ఫోను అడుగుతాడు. అమ్మ ఇవ్వనంటుంది. వాడు ఏడుస్తాడు, ఆమె అరుస్తుంది. వాడు కింద పడి దొర్లుతాడు, పళ్లెం విసిరేస్తాడు. పొయ్యి మీద కూర మాడుతోంది, పక్కింటివాళ్లు వింటున్నారు, ఆమె విసిగిపోయి ఫోను చేతిలో పెడుతుంది. ఇల్లు నిమిషంలో నిశ్శబ్దమవుతుంది. ఈ చివరి నిమిషంలో ఇద్దరూ ఒక్కో పాఠం నేర్చుకున్నారు. పళ్లెం విసిరేదాకా పోతే అడిగింది దొరుకుతుందని వాడికి తెలిసింది. ఇచ్చేస్తే గొడవ ఆగుతుందని ఆమెకు తెలిసింది. ఎవరూ కావాలని నేర్పలేదు. రోజుకు నాలుగుసార్ల చొప్పున రెండేళ్లు ఇదే జరిగితే అది స్వభావంగా గట్టిపడుతుంది, ఊరు దానికి మొండితనమని పేరు పెడుతుంది. దీన్ని విప్పాలంటే వాణ్ని గదిలో కూర్చోబెట్టి బుద్ధులు చెబితే చాలదు, ఆ చివరి నిమిషం మారాలి. ఇవ్వదలచుకుంటే మొదటిసారి అడిగినప్పుడే ఇవ్వాలి, ఇవ్వననుకుంటే ఇల్లు కూలినా ఇవ్వకూడదు, అడిగిన తీరు బాగున్న రోజున అదే పనిగా మెచ్చుకోవాలి. థెరపిస్టు నేర్పేది ఇదే. మార్పు మొదలుపెట్టిన మొదటి వారం మొండితనం తగ్గకపోగా పెరుగుతుందని కూడా ఆయన ముందే చెబుతాడు. ఇన్నాళ్లూ పనిచేసిన ఆయుధం పనిచేయకపోతే ఎవరైనా దాన్ని ఇంకా గట్టిగా వాడి చూస్తారు కదా. ఈ సంగతి తెలియక ఆ మొదటి వారంలోనే చేతులెత్తేసి, వైద్యం పనిచేయలేదనుకునే ఇళ్లు ఉంటాయి.

భయం కథ దీనికి కొంచెం వేరు. భయస్థుడైన పిల్లవాడి విషయంలో ఇల్లు కఠినంగా ఉండదు, మరీ మెత్తగా ఉంటుంది. బడికి పోవాలంటే కడుపులో తిప్పుతోందని ఏడిస్తే ఈ ఒక్కరోజుకు వద్దులే అంటారు. చీకటికి జడుస్తాడని పన్నెండేళ్లు వచ్చినా పక్కలో పడుకోబెట్టుకుంటారు. కొత్తవాళ్లు పలకరిస్తే వాడి బదులు అమ్మే జవాబు చెబుతుంది. ప్రతి సాయమూ ప్రేమతో చేసిందే. కానీ ఆ సాయంతో వాడు భయాన్ని ఎదుర్కొని గెలిచే అవకాశం ఒక్కొక్కటిగా చేజారుతుంది, భయం ఏపుగా పెరుగుతుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం 2020లో ప్రచురించిన పరిశోధన దీన్ని గొప్పగా పరీక్షించింది. తీవ్రమైన ఆందోళనతో బాధపడే 124 మంది పిల్లలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టులో పిల్లలకే థెరపీ ఇచ్చారు. రెండో జట్టులో పిల్లలను అసలు పిలవలేదు. తల్లిదండ్రులను మాత్రమే కూర్చోబెట్టి, పిల్లల భయానికి తాము ఎక్కడెక్కడ తలొగ్గుతున్నారో గుర్తించి, ప్రేమ తగ్గించకుండా ఆ తలొగ్గడాన్ని ఎలా తగ్గించుకోవాలో నేర్పారు. పన్నెండు విడతల తర్వాత రెండు జట్ల పిల్లలూ దాదాపు సమానంగా కోలుకున్నారు. థెరపిస్టు ముఖం చూడని పిల్లలు, కేవలం ఇంట్లో పెద్దలు మారినందువల్ల బాగుపడ్డారు. చాపాడు, రాజుపాళెం, మైలవరం మండలాల పల్లెలకు ఈ ఫలితం ఎంత ధైర్యమిస్తుందో ఆలోచించండి. ప్రతి వారం పిల్లవాణ్ని బడి మాన్పించి తీసుకుపోలేకపోయినా, పెద్దలు నేర్చుకుని వచ్చి ఇంట్లో చేయగలిగిన పని చాలా ఉంది.

ఇంకో రుజువు మరీ సూటిగా ఉంటుంది. డిప్రెషన్‌కు చికిత్స తీసుకుంటున్న తల్లులనూ వాళ్ల పిల్లలనూ కలిపి 151 జంటలను అమెరికాలో పరిశీలించి 2006లో ఫలితాలు వెల్లడించారు. మొదట్లో ఏదో ఒక మానసిక సమస్య ఉన్న పిల్లల్లో, మూడు నెలల్లో తల్లి కోలుకున్న ఇళ్లలో 33 శాతం మంది బాగుపడ్డారు. తల్లి కోలుకోని ఇళ్లలో ఆ సంఖ్య 12 శాతమే. అంటే కొన్నిసార్లు పిల్లవాడికి అవసరమైన మందు తల్లి మింగాల్సి ఉంటుంది. డాక్టరు పిల్లవాడి సంగతి వదిలి మీ నిద్ర గురించి, నాయన తాగుడు గురించి, అప్పుల గురించి అడిగితే సంబంధం లేని ప్రశ్నలనుకుని దాటవేయకండి. ఆయన అడుగుతున్నది పిల్లవాడి గురించే.

ఇంతవరకూ చదివిన తల్లికి ఒక మాట తగిలే ఉంటుంది. అయితే తప్పంతా మాదేనా? ఈ బాధకు కారణముంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మనోవైద్యం ఒకప్పుడు నిజంగానే తల్లుల మీద నింద వేసింది. ఆటిజంకు తల్లుల నిర్లిప్తతే కారణమన్న సిద్ధాంతాన్ని బ్రూనో బెటల్‌హైమ్ లాంటివారు 1960ల్లో విస్తృతంగా ప్రచారం చేశారు. అది పూర్తిగా తప్పని తర్వాత రుజువైంది, ఈలోగా వేలాది తల్లులు చేయని నేరానికి కుమిలిపోయారు. ఈ రోజు కుటుంబాన్ని చికిత్సలోకి పిలవడం వెనక ఆ సిద్ధాంతం లేదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ లాంటివి మెదడు ఎదుగుదలలో వచ్చే తేడాలు, వాటిలో పుట్టుక పాత్ర పెద్దది. పెంపకం వల్ల రాని సమస్యకు కూడా పెంపకం సాయపడగలదు, అంతే. చక్కెర జబ్బు వచ్చిన పిల్లకు పూటపూటా సూది వేసేది అమ్మే. ఆ జబ్బు ఆమె తెచ్చిందని ఎవరూ అనరు, ఆమె లేకుండా అది అదుపులో ఉంటుందనీ అనరు. మిమ్మల్ని దోషిగా నిలబెట్టి మాట్లాడే కౌన్సెలర్ ఎదురైతే ఆ మాట ఆయన ముఖానే చెప్పండి, వినకపోతే వేరొకరిని వెతుక్కోండి. వైద్యం మాత్రం మానకండి.

ఈ పరిశోధనలన్నీ అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు ఉండే అమెరికా ఇళ్లలోవి, అవ్వా తాతా మేనత్తా ఉండే మన ఇళ్లకు ఇవి పనికొస్తాయా అన్న అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. నిజానికి కుటుంబాన్ని వైద్యంలో కలుపుకోవడం మనకు ఎవరో నేర్పిన విద్య కాదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాల్లో ఉండనిచ్చారు, రోగులు త్వరగా ఇళ్లకు తిరిగిపోయారు. మన సీమ జనం తరతరాలుగా వైద్యానికి పోయే రాయవేలూరులో, సీఎంసీ వారి మానసిక ఆరోగ్య కేంద్రం కూడా బంధువు తోడుండి తీరాలన్న పద్ధతిని ఆ కాలం నుంచే పాటించింది. పిల్లల విషయంలో ఇటీవలి రుజువు గోవా, రావల్పిండి నుంచి వచ్చింది. ఆటిజం ఉన్న 65 మంది పిల్లలతో జరిగిన ఆ పరీక్షలో, దాదాపు సగం మంది కుటుంబాలకు స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలు, పిల్లవాడు ఇచ్చే చిన్న చిన్న సైగలను గుర్తించి స్పందించడం తల్లిదండ్రులకు నేర్పారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం తల్లిదండ్రుల స్పందన మెరుగుపడింది, పిల్లలు తామే ముందుకొచ్చి పలకరించడం పెరిగింది. గోవాలో కుదిరినది జమ్మలమడుగు పల్లెలో కుదరకపోవడానికి కారణం కనపడదు.

అయితే మన ఇంటి తీరుకు తగినట్టు ఒక సవరణ చేసుకోవాలి. ఫోను ఉదాహరణకే తిరిగి వద్దాం. అమ్మ గట్టిగా నిలబడింది, నాయన కూడా నిలబడ్డాడు. మంచం మీద కూర్చున్న అవ్వకు మనసు కరిగింది, 'పసిబిడ్డను ఏడిపిస్తారా' అని తన ఫోను ఇచ్చింది. పదిసార్లలో ఒక్కసారి ఫలించినా చాలు, ఆ ఒక్కసారి కోసం పిల్లవాడు మిగిలిన తొమ్మిదిసార్లూ పోరాడతాడు. ప్రతిసారీ దొరికేదానికన్నా ఎప్పుడో ఒకసారి దొరికేదాని మీదే ఆశ గట్టిగా ఉంటుందని మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో తేల్చింది, జూదం అలవాటు కూడా దాని మీదే నడుస్తుంది. కాబట్టి ఓపీకి అమ్మ ఒక్కతే పోతే సగం పనే అవుతుంది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరి ఒడిలో పిల్లవాడు దాక్కుంటాడో ఆ మనిషి కనీసం ఒక్కసారైనా డాక్టరు ఎదుట కూర్చోవాలి. కోడలు చెబితే అవ్వ వినకపోవచ్చు, డాక్టరు 'మీ సాయం కావాలమ్మా' అని చెబితే వింటుంది. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి అమ్మో నాయనో కువైట్‌కు పోయి, అవ్వాతాతల దగ్గర పెరుగుతున్న పిల్లలు ఎందరో ఉన్నారు. అక్కడ అవ్వే తల్లి, చికిత్సకు రావాల్సింది ఆమే. కువైట్‌లో ఉన్న తల్లికి వీడియో కాల్‌లో ఏం మాట్లాడాలో, వస్తానన్న తేదీ ఖాయం కానప్పుడు ఏం చెప్పకూడదో కూడా థెరపిస్టును అడిగి తెలుసుకోవచ్చు. ఆ ఫోను మాట్లాడే పది నిమిషాలు కూడా 167 గంటల్లో భాగమే.

నాలుగు తగిలిస్తే కుదురుకుంటాడు, ఇంత రాద్ధాంతం దేనికి అనే పెద్దమనిషి ప్రతి వీధిలో ఉంటాడు. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత కూడా చెబుతాడు. మొక్కను వంచే చేయి మెత్తగా లేకపోతే అది విరుగుతుందని ఆ సామెత చెప్పేవాళ్లకు తెలియనిది కాదు. దెబ్బ పనిచేసినట్టు కనిపించడానికి కారణం అది అల్లరిని అప్పటికప్పుడు ఆపడమే. ఆగింది కదా అని పెద్దవాళ్లకు చెయ్యి అలవాటవుతుంది. దూరం పోయి చూస్తే లెక్క వేరుగా ఉంటుంది. యాభై ఏళ్లలో జరిగిన 75 అధ్యయనాలను, సుమారు 1,60,000 మంది పిల్లల వివరాలను 2016లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కలిపి చూశారు. దెబ్బలు తిన్న పిల్లల్లో మొండితనం, ఆందోళన, మానసిక సమస్యలు ఎక్కువగానే కనిపించాయి, మేలు జరిగిన దాఖలా లేదు. అల్లరి పిల్లలే ఎక్కువ దెబ్బలు తింటారు కాబట్టి ఇలా కనిపిస్తోందేమో అని అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. కానీ పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు దెబ్బల తర్వాత మొండితనం పెరగడాన్నే చూపాయి. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం ఎలాగూ నిషేధించింది.

మాత్రల గురించి రెండు వైపుల నుంచి అభ్యంతరాలు వస్తాయి. కొందరు మాత్ర ఇస్తే సరిపోయేదానికి ఈ మాటలెందుకంటారు, కొందరు పసివాడికి మెదడు మాత్రలా అని జడుస్తారు. ఆందోళనతో బాధపడే 488 మంది పిల్లల మీద అమెరికాలో చేసి 2008లో ప్రచురించిన పరిశోధన ఈ ఇద్దరికీ ఉపయోగపడుతుంది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 24 శాతం, అసలు మాత్ర ఇచ్చినవాళ్లలో 55 శాతం, థెరపీ మాత్రమే ఇచ్చినవాళ్లలో 60 శాతం, రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో 81 శాతం బాగా మెరుగయ్యారు. అన్ని సమస్యలకూ ఇదే నిష్పత్తి కాదు. 579 మంది ఏడీహెచ్‌డీ పిల్లల మీద జరిగి 1999లో వెలువడిన అధ్యయనంలో, కుదురులేనితనాన్ని తగ్గించడంలో మాత్రలే థెరపీ కన్నా ముందున్నాయి. కానీ తల్లిదండ్రుల శిక్షణ కూడా కలిసిన పిల్లలకు తక్కువ మోతాదు మాత్ర సరిపోయింది. కనుక డాక్టరు మాత్ర రాస్తే వేయండి, రాయకపోతే అడగకండి. రెండు సందర్భాల్లోనూ ఇంట్లో చేయమన్న పని మానకండి. బాగున్నాడని మధ్యలో మాత్ర ఆపేయడం మాత్రం ప్రమాదం. ఆపాల్సి వస్తే ఎలా తగ్గించాలో చెప్పాల్సింది రాసిన డాక్టరే.

మొక్కు సంగతి క్లుప్తంగా చెబుతాను. కడప పెద్ద దర్గాకో, వీరబ్రహ్మేంద్రస్వామి మఠానికో పిల్లవాణ్ని తీసుకుపోవడం వైద్యానికి అడ్డు కాదు, తల్లి మనసుకు అది ఆసరా. దారం కట్టించండి, ఆసుపత్రిలో ఓపీ చీటీ కూడా రాయించండి. కాదనాల్సింది రెండే. ఒకటి, నెలల తరబడి మొక్కుల వెంట తిరుగుతూ మూడేళ్లవాడి మాట వచ్చే విలువైన కాలాన్ని పోగొట్టడం. రెండు, పిల్లను కట్టేయడం, కొట్టించడం, పొగ పట్టించడం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో తప్పించుకోలేక చనిపోయారు. ఆ తర్వాత ఈ దేశంలో ఎవరికీ ఆ పద్ధతిని సమర్థించే హక్కు మిగలలేదు.

ఇక ఖర్చు, దూరం, పరువు. దూరం నిజమైన కష్టమే, అయినా మునుపటి కన్నా దారి సులువైంది. 2023 డిసెంబరులో కడప రిమ్స్ ఆవరణలో వంద పడకల మానసిక ఆరోగ్య ఆసుపత్రి మొదలైంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు కాబట్టి అమ్మతో పాటు అవ్వ వచ్చినా అదనపు ఖర్చు ఉండదు. వారం వారం కాకుండా పదిహేను రోజులకోసారి రాగలమని మొదటి రోజే చెప్పేయండి, దానికి తగ్గట్టు ఇంటి పని ఇవ్వమనండి. మధ్యలో సందేహం వస్తే 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలిమానస్‌కు, 14416 నంబరుకు, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఊళ్లో ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు, అంగన్‌వాడీ టీచరుకు చెబితే, ఎదుగుదలలో వెనకబడిన పసిపిల్లలను రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ముందుకు పంపుతారు. ప్రొద్దుటూరులో, పులివెందులలో ప్రైవేటుగా చూపించుకునేవాళ్లు గది బయట బోర్డు చూసి సరిపెట్టుకోకూడదు. మందులు రాయడానికి మనోవైద్యంలో పైచదువు చదివిన డాక్టరు ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందా అని అడగడం అమర్యాద కాదు.

పరువు భయం ఆడపిల్ల విషయంలో ఎక్కువ. రేపు సంబంధం వచ్చినప్పుడు తెలిస్తే ఎట్లా అని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత, కాబట్టి ఆసుపత్రి నుంచి ఊరికి మాట పోదు. తెలిసేదల్లా వైద్యం చేయించని సమస్య వల్లనే. చదువు ఆగిపోయిన పిల్లను, గది దాటని పిల్లను ఊరు చూడకుండా ఉండదు.

ఒక హద్దు స్పష్టంగా చెప్పాలి. ఓపీ చికిత్స నెమ్మదైన పని, ప్రాణం మీదికొచ్చిన వేళ అది చాలదు. చావు మాటలు మాట్లాడినా, తన వస్తువులు పంచిపెడుతున్నా, తనను తాను గాయపరచుకున్నా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, అవసరమైతే 108ని పిలవాలి, ఆ రాత్రి పిల్లను ఒంటరిగా వదలకూడదు. చావు గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన కలుగుతుందన్నది అపోహ. అడగడం వల్ల పిల్లలకు బరువు దిగుతుంది. సేద్యం చేసే ఇళ్లలో ఇంకో జాగ్రత్త ఉంది. పురుగుమందు డబ్బాలు మంచం కిందా వసారాలోనూ ఉంటాయి. వాటిని తాళం వేసిన చోటికి, వీలైతే ఇంటి బయటికి మార్చడం చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ చిన్నది కాదు. శ్రీలంకలో ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోయిన ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. చేతికి అందకుండా చేసినందువల్ల ఆ క్షణం గడిచిపోతుంది, ఆ క్షణం గడిస్తే చాలామంది బతుకుతారు.

హాస్టల్లో ఉండే పిల్లలకు 167 గంటలూ ఇంట్లో గడవవు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన ఒక్కరైనా ఉండాలనీ, మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం మానాలనీ, తల్లిదండ్రులకు కూడా అవగాహన కల్పించాలనీ చెప్పింది. ఇంటర్‌లో చేర్చే ముందు ఫీజు, ర్యాంకులు అడిగే చోటే మీ కౌన్సెలర్ ఎవరు, పిల్ల ఆయన్ను ఎప్పుడు కలవవచ్చు అని కూడా అడగండి. ఆదివారం ఫోనులో మార్కుల కన్నా ముందు నిద్ర గురించి, తిండి గురించి, స్నేహితుల గురించి అడిగితే చికిత్సలో ఇంటి వంతు అక్కడికీ చేరుతుంది.

పదమూడు దాటిన పిల్లలు థెరపిస్టుతో కొంతసేపు ఒంటరిగా మాట్లాడాలి. బయటికి రాగానే 'ఏం చెప్పావు?' అని ఆరా తీయకండి, బస్సులో అసలు తీయకండి. ప్రాణాపాయం ఉంటే థెరపిస్టే మీకు చెబుతాడు. మిగిలినది వాళ్ల మధ్య ఉండనిస్తేనే వచ్చేసారి పిల్ల నోరు విప్పుతుంది.

మొదటిసారి పోయేటప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకుపోండి. దానికి ముందు రెండు వారాలు, ఏ రోజు ఏ వేళకు గొడవ వచ్చింది, దానికి కాస్త ముందు ఏం జరిగింది, తర్వాత ఎవరేం చేశారు అన్నది రోజుకు నాలుగు పంక్తులు రాసుకోండి. చదువు రాని తల్లి అయితే పెద్దపిల్లతో రాయించవచ్చు, లేకుంటే ఫోనులో మాటలు రికార్డు చేసుకోవచ్చు. డాక్టరుకు దొరికే అరగంటలో మీ ఇల్లు కనపడేది ఆ పుస్తకంలోనే. లేచే ముందు 'వచ్చేసారి దాకా ఇంట్లో మేము చేయాల్సిన ఒక్క పని చెప్పండి' అని అడిగి, ఆయన చెప్పింది అక్కడే ఆ పుస్తకంలో రాయించుకోండి. ఐదారు విడతల తర్వాత మొదటి పేజీలూ చివరి పేజీలూ పక్కపక్కన పెట్టి ఆయనతో కలిసి చూడండి. మార్పు లేకపోతే పద్ధతి మార్చమని, లేదా తిరుపతికో బెంగళూరు నిమ్హాన్స్‌కో రాసిమ్మని అడిగే హక్కు మీకుంది. మార్పు ఉంటే విడతల మధ్య దూరం పెంచుతారు, నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి, తర్వాత అవసరమైతేనే. ఆ పుస్తకాన్ని బీరువాలో ఉంచండి. వేసవి సెలవుల తర్వాత జూన్‌లో బడి తెరిచిన వారం, పరీక్షల ముందటి వారం పాత కడుపునొప్పి మళ్లీ తొంగిచూడవచ్చు. అప్పుడు ఏ పేజీ తెరవాలో మీకు తెలిసి ఉంటుంది.